కంపెనీ మెషీన్లలో విమ్ మోడ్‌లైన్ పూర్తిగా ఆపేయాలా?

వైట్‌ఫీల్డ్_అడ్మిన్: మా బెంగళూరు ఆఫీసులో అన్ని లినక్స్ మెషీన్లలోనూ విమ్ టెక్స్ట్ ఎడిటర్‌లోని మోడ్‌లైన్ అనే సదుపాయాన్ని ఆపేయాలని సెక్యూరిటీ టీమ్ అంటోంది. డెవలపర్లు ఒప్పుకోవడం లేదు. నా ఓటు ఆపేయడానికే. ఫైలు మొదటి ఐదు లేదా చివరి ఐదు లైన్లలో ట్యాబ్ వెడల్పు లాంటి సెట్టింగు రాసి ఉంటే, ఫైలు తెరవగానే విమ్ దాన్ని పాటిస్తుంది. అదే మోడ్‌లైన్. 2019లో ఇందులో పెద్ద లోపం బయటపడింది. మోడ్‌లైన్‌లోని ఎక్స్‌ప్రెషన్లు (విమ్ లెక్కగట్టే చిన్న కోడ్ ముక్కలు) శాండ్‌బాక్స్, అంటే ప్రమాదకర కమాండ్లను అడ్డుకునే కంచె, దాటకూడదు. కానీ సోర్స్ కమాండుతో అదే ఫైలును మళ్లీ చదివించి, అందులోని కమాండ్లను శాండ్‌బాక్స్ బయట నడిపించవచ్చని తేలింది. అంటే ఫైలు తెరిస్తే చాలు, ఎవరో రాసిన షెల్ కమాండు మన లాగిన్ మీద నడిచిపోతుంది! కస్టమర్లు పంపే లాగ్ ఫైళ్లు మేం రోజూ తెరుస్తాం. ఫైల్లో ఉన్నది తెరమీద చూపే క్యాట్ కమాండుతో ముందు చూసుకోవచ్చు కదా అనకండి. ఎస్కేప్ సీక్వెన్సులతో, అంటే టెర్మినల్‌కు ఆదేశాలిచ్చే ప్రత్యేక అక్షరాలతో, ఆ మోడ్‌లైన్ ఉన్న లైను టెర్మినల్లో కనపడకుండా చేయొచ్చు.

పాత_సి_కోడ్: అది ఎప్పుడో సరిచేశారండీ, విమ్ 8.1.1365లో, దాన్నుంచి పుట్టిన నియోవిమ్ ఎడిటర్ 0.3.6లో. ఆ వెంటనే 8.1.1366లో, మోడ్‌లైన్ నుంచి ఎక్స్‌ప్రెషన్లు పెట్టడాన్నే డిఫాల్ట్‌గా ఆపేశారు. మా కోడ్‌లో ఒక ఫైల్లో ట్యాబులు, పక్క ఫైల్లో నాలుగు స్పేసులు. మోడ్‌లైన్ తీసేస్తే ప్రతి కమిట్‌లో (కోడ్ మార్పుల నమోదులో) అక్కర్లేని ట్యాబ్, స్పేస్ తేడాలే. పాత వెర్షన్లను అప్‌డేట్ చేయించండి, మా పని ఆపకండి.

వైట్‌ఫీల్డ్_అడ్మిన్: అప్‌డేట్ చేయాల్సిందే, అందులో వాదన లేదు. కానీ క్లయింట్ సర్వర్లలో ఏ వెర్షన్ ఉంటుందో మన చేతిలో లేదు. డెబియన్ లినక్స్ డిఫాల్ట్‌గా మోడ్‌లైన్ ఆపే ఇస్తుంది. విమ్ కూడా రూట్ యూజర్‌కు, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతాకు, ఆపే ఉంచుతుంది. రూట్‌కు వద్దనుకున్నది మామూలు యూజర్‌కు ఎందుకు? మనం సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, టోకెన్లు ఉండేది ఆ మామూలు యూజర్ దగ్గరే కదా.

బీటీఎం_డెవ్: ఇండెంటేషన్ (లైను ముందు వదిలే ఖాళీ) కోసమే అయితే ఎడిటర్‌కాన్ఫిగ్ వాడండి, ఆ సెట్టింగులన్నీ ఒక విడి ఫైల్లో రాసుకోవచ్చు. 0.9 నుంచి నియోవిమ్‌లోనే దానికి సపోర్ట్ వస్తోంది.

పాత_సి_కోడ్: అది ఫైలు పేరును బట్టి పనిచేస్తుంది బ్రదర్. మా దగ్గర అన్నీ సి ఫైళ్లే. ఏ ఫైలుకు ఏ సెట్టింగో పేరుపేరునా రాస్తూ కూర్చోవాలి.

వైట్‌ఫీల్డ్_అడ్మిన్: చేత్తో రాయక్కర్లేదండీ. ఇప్పుడున్న మోడ్‌లైన్లను చదివి ఆ జాబితా తయారుచేసే స్క్రిప్ట్ నేను రాసిస్తాను. ముందు ఒక్క ఫోల్డర్ మీద నడిపి చూడండి.