‘పవరు వైపు’ అనాలా, ‘ఒకటి వైపు’ అనాలా?

హార్డ్‌వేర్ నేర్చుకునే రోజుల్లో హార్డ్‌డిస్కును మదర్‌బోర్డుకి కలిపే పాత పట్టీ కేబుల్ (IDE) తగిలించడానికి ఒక ఆటవెలది చెప్పుకునేవాళ్లం. రెండు పాదాలే గుర్తున్నాయి:

వైరు మీద గీత పవరు వైపుండాలి
నీలి కొనయె బోర్డు నేలుకొనును

మొదటి పాదంలో ‘పవరు’ ఉందా, ‘ఒకటి’ ఉందా? మిగతా రెండు పాదాలు ఎవరికైనా వచ్చా?

— ‘ఒకటి’యే. ఎర్రగీత చూపించేది ఒకటో పిన్నును. ఆ పాత హార్డ్‌డిస్కులు చాలావాటిలో ఆ పిన్ను పవర్ సాకెట్ పక్కనే ఉండేది కాబట్టి ‘పవరు’ తర్వాత వచ్చి చేరింది. మదర్‌బోర్డు కొన దగ్గర పక్కన పవరెక్కడిది?

— అన్నగారూ, యతి (పాదం మొదటి అక్షరానికీ, నాలుగో గణం అంటే నాలుగో అక్షరాల గుంపు మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొంతన) చూడండి. ‘వై’కి ‘ప’ చెల్లుతుంది, ఐకారానికి అకారమూ చెల్లుతుంది. ‘ఒకటివై’ అన్నా గణం అదే నగం (నాలుగక్షరాలది), కానీ యతి పోయింది.

— ‘వొకటి’ అని పలికితే?

— హల్లు కుదురుతుంది, అచ్చు కుదరదు.

— నన్నడిగితే రెండో పాదమే అసలైనది. ‘నీలి’ అన్నారంటే ఈ పద్యం 80 తీగల కేబుల్ వచ్చాకే పుట్టింది. నీలం బోర్డుకి, నలుపు చివరి డ్రైవుకి, బూడిద రంగు మధ్యదానికి అనే పద్ధతి దానిదే. కనెక్టర్ పాతదే, 40 పిన్నులది. అదనంగా చేరిన 40 తీగలూ గ్రౌండే (సున్నా వోల్టులవి). ‘కొనయె’లో ఏవకారం (‘మాత్రమే’ అని నొక్కి చెప్పే ‘ఎ’) కూడా ఊరికే పడలేదు. నీలి కనెక్టర్‌లో 34వ పిన్ను గ్రౌండ్‌కి కలిపి ఉంటుంది, దాన్ని బట్టే బోర్డు ఇది 80 తీగలదని గుర్తిస్తుంది. కేబుల్ తిరగేస్తే గుర్తుపట్టక వేగం తగ్గించవచ్చు. ఇంత సంగతి ఒక్క అక్షరంలో పెట్టినవాడు మంచి కవి.

— మంచి కవే, కానీ అక్కడ యతి? బోర్డున్ + ఏలు కదా. ‘ఉప్పు కప్పురంబు నొక్క’ అన్నప్పుడు వేమన ఉకారానికి వేసింది ఒకారం, ‘నొ’ కాదు. ద్రుతం (సంధిలో వచ్చి చేరే ‘న’కారం) వెనకున్న అచ్చే లెక్క. ఆ లెక్కన ‘నీ’కి ‘ఏ’ చెల్లదు.

— ‘అల్పుడెపుడు బల్కు నాడంబరముగాను’ కూడా అంతే, అకి ఆ. పదం విరిచి చూస్తేనే యతి దొరుకుతుంది, వినేటప్పుడు మాత్రం ఎక్కడా తడుముకోము. వేమన చెవి అలాంటిది. ఆ పద్యం మూడో పాదంలో ‘కంచు’కి ‘కనకంబు’ పడిన తీరు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

— పట్టీ కేబుల్ తర్వాత వచ్చిన సాటా (SATA) కేబుల్‌కి ఇలాంటి పద్యం ఉందా?

— నేను వినలేదు. డేటాకి 7 పిన్నులు, పవర్‌కి 15, రెండూ ఎల్ ఆకారం. తిరగేస్తే ఎక్కదు. కేబుల్‌కి డ్రైవు ఒక్కటే కాబట్టి మాస్టర్, స్లేవ్ (మొదటి డ్రైవేది, రెండోదేది) గొడవా లేదు.

— మళ్లీ పాత పద్యానికి వద్దాం. మూడో పాదం ‘ఇరువదవది లేదు’ అని మొదలయ్యేదని లీలగా గుర్తు. 20వ పిన్ను తీసేసి, కేబుల్‌లో ఆ రంధ్రం మూసేవారు, తప్పుగా ఎక్కకుండా. మూడు సూర్యగణాలు సరిపోయాయి. నాలుగో గణం ఇకారంతోనో ఎకారంతోనో మొదలవ్వాలి. ఎవరికైనా తడితే చెప్పండి.

— ‘ఎక్కించు’ అయి ఉంటుందా?

— ‘ఎక్కించు’ తగణమే (అక్కడ సరిపోయే గణమే), యతీ చెల్లుతుంది. కానీ లేని పిన్నును ఎక్కించమనడం ఏమిటి, మాస్టారూ?