ఇటాలియన్ ‘పల్లా’ పుట్టిల్లు లాటినా, జర్మానిక్‌నా?

భాషాభిమాని: ఇటాలియన్‌లో బంతిని ‘పల్లా’ అంటారు. లాటిన్‌లో బంతికి ‘పిలా’ అనే మాట ఉండనే ఉంది. ఇటాలియన్ లాటిన్ బిడ్డే అయినప్పుడు, ఈ మాటను లాంగొబార్డులనే తెగవారి జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్‌ల కుటుంబపు) భాష నుంచి వచ్చినదని నిఘంటువులు చెప్పడం నాకు అనవసరమైన దూరాన్వయంగా తోస్తున్నది.

నిరుక్తప్రియ: పోలిక మాత్రమే చూస్తే మీ మాట నిజమే. కానీ ‘పిలా’ సంతతి ఎలా ఉంటుందో స్పానిష్ ‘పెలోటా’, ఫ్రెంచి ‘పెలోత్’ చూపుతున్నాయి: ఇకారం ఎకారమయింది, లకారానికి ద్విత్వం రాలేదు. ‘పిలా’ ‘పల్లా’ కావాలంటే అచ్చు అకారం కావాలి, లకారం ద్విత్వం కావాలి. ఈ రెంటికీ ఇటాలియన్ ధ్వని సూత్రాలలో ఆధారం దొరకదు. 568లో ఇటలీలోకి దిగి 774 వరకు రాజ్యమేలిన లాంగొబార్డుల పలుకులో మాత్రం ఇతర జర్మానిక్ భాషల బకారం తరచు పకారంగా వినిపించేది. కనుక ఇంగ్లీషు ‘బాల్’ వంటి మాట వారి నోట ‘పల్లా’ అయిందనుకోవచ్చు.

భాషాభిమాని: అయితే ఇటాలియన్‌లో ‘బల్లా’ కూడా ఉన్నదే, దానినేమంటారు?

నిరుక్తప్రియ: అదే నాకు బలమైన సాక్ష్యం. సరుకు కట్టిన మూటను ‘బల్లా’ అంటారు. అది ఫ్రాంకుల భాష నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిందంటారు. కూర్చునే బల్ల ‘పంకా’ (మన గాలి పంకాతో ముడిపెట్టవద్దు), డబ్బు లావాదేవీల ‘బంకా’ కూడా ఇలాంటి జంటే. ఒకే జర్మానిక్ మాట రెండు దారుల్లో వచ్చి రెండు రూపాలు మిగిల్చిందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

సందేహి: మరి నృత్యసభను సూచించే ‘బల్లో’ కూడా ఈ కుటుంబమేనా?

నిరుక్తప్రియ: కాదు. అది ‘నాట్యమాడు’ అనే అర్థం గల ‘బల్లారే’ అనే లాటిన్ క్రియకు చెందింది. దాని మూలాన్ని గ్రీకులో చూస్తారు. వినడానికి మాత్రమే దగ్గర. ‘పల్లా’కు అసలు చుట్టం మనం ఎన్నికల్లో వాడే ‘బ్యాలెట్’. చిన్న బంతి ‘బల్లొత్తా’. దానిని పెట్టెలో వేసి ఓటు చెప్పేవారు. వెనిస్‌లో పాలకుడైన డోజేను ఎన్నుకునే వేళ, వీధిలో కనబడిన బాలుణ్ణి పట్టుకొచ్చి బంతులు తీయించేవారు. అతడిని ‘బల్లొత్తీనో’ అనేవారు.

భాషాభిమాని: ‘పిలా’ వాదాన్ని ఇక వదులుకుంటున్నాను. అయితే ‘బల్లొత్తా’లో బకారం ఎలా నిలిచిందో మీరు ఇంకా చెప్పవలసే ఉంది.