మా కుటుంబ సమాధిలో మాది కాని ఇంటిపేరుతో ముగ్గురు. ఎవరో ఎలా తెలుసుకోవాలి?

దివి మనవరాలు:
పొద్దుట్నుంచి ఇదే పని, తల బద్దలవుతోంది. తాతయ్య వాళ్ల సమాధి బాగు చేయిద్దామని హైదరాబాద్ నుంచి వచ్చాం. పలక మీద మా వాళ్ల పేర్ల కింద ఇంకో మూడు పేర్లున్నాయి. ఇంటిపేరు మాది కాదు. నాన్నకు తెలియదు, మేనత్తకూ తెలియదు. నెట్‌లో ఏమీ దొరకలేదు. అక్షరాలు కనబడక ఇటుక ముక్కతో రుద్దాం కూడా. ఎవర్ని అడగాలి?

రిటైర్డ్ గుమాస్తా:
ఊరు? చర్చి? సంవత్సరం?

రాతిపని:
ఇటుకతో అస్సలు రుద్దకండమ్మా. యాసిడ్, వైర్ బ్రష్ కూడా వద్దు. సున్నపు పూత మీద చెక్కిన అక్షరం ఒక్కసారి అరిగిందంటే మళ్లీ రాదు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. పొద్దుగూకాక టార్చిని పలకకు ఆనించి పక్కనుంచి వేయండి. గాటు లోపల నీడ పడి అక్షరం లేచి కనిపిస్తుంది. ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి.

బెజవాడ వాసి:
కుటుంబ సమాధి అంటే స్థలం కొన్నదా? కొనకపోతే కమిటీవాళ్లు కొన్నేళ్లకు మళ్లీ తవ్వి వేరేవాళ్లను పెడతారు. దాన్ని కుటుంబ సమాధి అనరు.

రాతిపని:
పట్నం లెక్క అది. పల్లెల్లో కొనడం ఎక్కడిది? ఎవరి సమాధుల వరస వాళ్లదే.

బెజవాడ వాసి:
వరస వేరు, హక్కు వేరు.

దివి మనవరాలు:
అవనిగడ్డ దగ్గర పల్లె. సి.ఎస్.ఐ. ముగ్గురూ దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లే, 19.11.77 అని పక్కనే ఉంది. అది తెలిసిందే. వాళ్లెవరన్నదే కావాలి.

రిటైర్డ్ గుమాస్తా:
ఇది మొదటే చెప్పాల్సింది. ఆ ఉప్పెనలో పదివేల మంది పైనే పోయారు. ఆనవాలు దొరకని శవాలను కుప్పలుగా పూడ్చారు, కాల్చారు. మీ పలక మీద పేర్లున్నాయంటే వాళ్లను ఎవరో గుర్తుపట్టారు, పట్టుబట్టి మీ వాళ్ల పక్కనే పెట్టించారు. ఇంటిపేరు వేరైనంత మాత్రాన పరాయివాళ్లు అనుకోకండి. మీ తాతగారి అక్కచెల్లెళ్లను ఏయే ఊళ్లకు ఇచ్చారో ముందు రాసుకోండి. ఆడపడుచు, ఆమె పిల్లలు అత్తింటి పేరుతోనే ఉంటారు కదా. తర్వాత చర్చిలో సమాధుల రిజిస్టర్ అడగండి. మరణాల నమోదుకు 1969 చట్టం అప్పటికే ఉంది. ఊరి లెక్కలు రాసే మునసబు, కరణాల వ్యవస్థ 1984లో పోయింది, మండలాలు 1985లో వచ్చాయి. కాబట్టి పాత పుస్తకాల కోసం పంచాయతీతో ఆగిపోకుండా తాసిల్దార్ ఆఫీసులో కూడా రాతపూర్వకంగా అడగండి. ఇంటిపేరుతో కాదు, తేదీతో వెతకమనండి.

కోడూరు:
కోతల రోజులవి. మీ ఇంట్లో ఉండి పనిచేసినవాళ్లు కూడా కావచ్చు. పెద్ద వయసు పాలేర్లు ఎవరైనా బతికుంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి, ఆఫీసులు ఎక్కడికీ పోవు.

బెజవాడ వాసి:
స్థలం ఎవరి పేరున ఉందో ఇంకా చెప్పలేదు.

దివి మనవరాలు:
టార్చి వేసి చూశాం. మూడో పేరు కింద ‘వయసు 7’ అని ఉంది. ఇందాక అది ఉత్త గీత అనుకున్నాం. తాతయ్య చెల్లెల్ని నాగాయలంక వైపు ఇచ్చారని మేనత్త ఇప్పుడంటోంది, వాళ్ల ఇంటిపేరు గుర్తులేదట. రేపు అటే వెళ్తున్నాం. థాంక్సండీ.