ఇరుకు ఇంజన్ బేలో టర్బో మ్యానిఫోల్డ్: ఈక్వల్ లెంగ్త్ కావాల్సిందేనా, పొట్టి లాగ్ సరిపోదా?

జానెడు_బే:
అందరికీ నమస్తే. అడ్డంగా కూర్చున్న నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ఎగ్జాస్ట్ పోర్టులు ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపు. హెడ్ నుంచి ఫైర్‌వాల్‌కి జానెడు, మహా అయితే ఇంకో రెండు వేళ్ళు. కింద స్టీరింగ్ ర్యాక్, పక్కన డ్రైవ్‌షాఫ్ట్, ఫైర్‌వాల్ మీదుగా బ్రేక్ పైపులు, క్లచ్ పైపు. కంపెనీ టర్బో తీసి కాస్త పెద్దది పెట్టాలి, మ్యానిఫోల్డ్, అదే, పోర్టుల నుంచి టర్బోకి ఎగ్జాస్ట్ గ్యాస్ తెచ్చే పైపుల కట్ట, సొంతంగా చేయించక తప్పదు. ఫ్యాబ్రికేటర్ ఏమో నాలుగు రన్నర్లూ (ఒక్కో పోర్టు నుంచి వచ్చే పైపులు) ఒకే పొడవు ఉండాల్సిందే అంటాడు, నేనేమో ఇంత ఇరుకులో ఆ పాము చుట్టలు ఎందుకు, పొట్టిగా ఒక లాగ్ కట్టేద్దాం, అదే, ఒక అడ్డ పైపులోకి నాలుగు పోర్టులూ దింపేద్దాం అంటున్నా. రోజూ వాడే బండి, ట్రాక్‌కి ఎప్పుడో ఒకసారి. మీరేమంటారు?

లాగ్_పార్టీ:
లాగ్. ఇందులో చర్చకేముంది. రన్నర్ పొడుగయ్యేకొద్దీ లోపల ఖాళీ పెరుగుద్ది, వేడి బయటికి పోద్ది, టర్బైన్ తిప్పేది ఆ వేడే కదా, దాన్ని బానెట్ కింద పారబోసుకుని మళ్ళీ ల్యాగ్ ల్యాగ్ (టర్బో ఆలస్యంగా అందుకోవడం) అని ఏడవడం దేనికి? కంపెనీలని చూడండి. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్‌లో 2012లోనే మ్యానిఫోల్డ్‌ని హెడ్‌లో కలిపి పోసేశారు, ఫోక్స్‌వ్యాగన్ ఈఏ888 మూడో తరంలో అంతే, సివిక్ టైప్ ఆర్‌లో వచ్చే కె20సి1లో కూడా అంతే. బయట రన్నర్లే లేవు. సమాన పొడవు అంత గొప్పదైతే వాళ్ళకి తెలీదా?

టిగ్_టార్చ్:
మొదలెట్టాడండీ. నువ్వు చెప్పిన మొదటి ఉదాహరణే నీకు అడ్డం తిరుగుతోంది చూస్కో. ఎకోబూస్ట్ 1.0 మూడు సిలిండర్ల ఇంజన్. క్రాంక్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు, మూడుకి పంచితే 240, అంటే ఒక సిలిండర్ ఊదాక ఇంకోటి ఊదడానికి 240 డిగ్రీల గ్యాప్, ఒకదాని మీద ఒకటి పెద్దగా పడవు. నాలుగు సిలిండర్లకి ఆ గ్యాప్ 180 మాత్రమే, ఎగ్జాస్ట్ వాల్వ్ ఏమో 220, 240 డిగ్రీలు తెరిచే ఉంటుంది. అంటే 1వ సిలిండర్ వాల్వ్ ఇంకా మూసుకోలేదు, ఈలోపు 3వది తెరుచుకుని ఫుల్ ప్రెషర్‌తో అదే పైపులోకి ఊదేస్తుంది, అది పోయి 1లోకి వెనక్కి తోస్తుంది. కాలిన గ్యాస్ లోపల మిగిలిపోయింది, నాకింగ్ (మిశ్రమం తనంతట తానే అంటుకుని కొట్టుకోవడం) మొదలైంది, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగావు, పవర్ పోయింది. ఇంక కంపెనీలు హెడ్‌లో పోసింది నీలాగా ల్యాగ్ ఒక్కదాని కోసమే కాదు, చుట్టూ నీళ్ళు తిరిగితే గ్యాస్ చల్లబడుతుంది, లోడ్‌లో ఎక్స్‌ట్రా పెట్రోల్ పోసి చల్లబరిచే పని తగ్గుతుంది, పొద్దున్నే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. నీ లాగ్ చుట్టూ నీళ్ళు తిప్పుతావా?

లాగ్_పార్టీ:
నీళ్ళు లేవు, ఒప్పుకుంటా. కానీ నువ్వు చెప్పిందంతా పల్స్‌లు (ఒక్కో సిలిండర్ ఊదే గ్యాస్ దెబ్బలు) విడదీయడం గురించి, పొడవులు సమానం చేయడం గురించి ఒక్క ముక్క లేదు. రెండూ ఒకటే అన్నట్టు కలిపి కొడుతున్నావ్. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అయితే 1-4 ఒక జత, 2-3 ఒక జత చేసి ట్విన్ స్క్రోల్ హౌసింగ్‌కి (లోపల రెండు వేరు దారులున్న టర్బైన్ గూడు) తెచ్చావనుకో, ఒక్కో జతలో పల్స్‌కి పల్స్‌కి 360 డిగ్రీలు దూరం వచ్చేసింది, ఇంక ఒక రన్నర్ పొట్టి ఒకటి పొడుగు అయితే ఏమైంది? కంపెనీ పోత మ్యానిఫోల్డ్‌లు ఎన్నో చూశాను, వాటిలో పొడవులు సమానంగా ఉండనే ఉండవు.

టిగ్_టార్చ్:
సరే జత కట్టడం నాకూ ఇష్టమే, కానీ 1నీ 4నీ కలపాలంటే 2-3 మీదుగానో కిందుగానో దాటించాలిగా. జానెడులో దాటిస్తావా?

నట్టు_బోల్టు:
మీ ఇద్దరి గొడవ బానే ఉంది కానీ టర్బో ఎక్కడ కూర్చుంటుందో ఒక్కరూ అడగలేదు. ఇరుకు బేలో మ్యానిఫోల్డ్ డిజైన్ పైపుల దగ్గర మొదలవదు, టర్బో కూర్చునే చోటు దగ్గర మొదలవుద్ది, పైపులు మిగిలిన సందులో పోతాయి.

ముందు ఆయిల్ డ్రెయిన్. టర్బోలోంచి ఆయిల్ ప్రెషర్‌తో రాదు, బరువుకి జారి సంప్‌లోకి (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) పడాలి, నురగతో సహా. డ్రెయిన్ రంధ్రం నేరుగా కిందికి చూడాలి, అటూ ఇటూ 35 డిగ్రీల లోపే వంగాలి, సంప్‌లోకి చేరే చోటు ఆయిల్ మట్టం కంటే పైన ఉండాలి, మధ్యలో పైపు ఎక్కడా పైకి లేవకూడదు. చోటు లేదని టర్బోని మరీ కిందికి దించారనుకోండి, ఆయిల్ వెనక్కి కట్టుకుని సీల్స్ దాటి నీలం పొగ వస్తుంది, జనం టర్బో పోయిందని ఇంకోటి కొంటారు, అదీ పొగ పెడుతుంది. కిందే పెట్టక తప్పదంటే ఆయిల్‌ని లాగే పంపు వేరుగా పెట్టాలి. రోజూ వాడే బండిలో ఆ పంపు మీద నాకు నమ్మకం లేదు.

తర్వాత ఇంజన్ ఊగడం. అడ్డంగా ఉండే ముందు చక్రాల ఇంజన్ గట్టిగా యాక్సిలరేట్ చేస్తే పైభాగం వెనక్కి, అంటే ఫైర్‌వాల్ వైపుకే వాలుతుంది. సరిగ్గా మీ టర్బో ఉన్న వైపు. నిలిపిన బండిలో వేలు దూరిందని సంతోషపడితే రెండో గేర్‌లో కంప్రెసర్ హౌసింగ్ పోయి ఫైర్‌వాల్‌ని ముద్దు పెట్టుకుంటుంది. జాకీతో ఇంజన్‌ని అటు నెట్టి చూసి అప్పుడు కొలవండి, మౌంట్లు పాతవైతే ముందు అవి మార్చండి. 25 మి.మీ. లోపు గ్యాప్ అంటే నేను ఒప్పుకోను, గట్టి మౌంట్లు వేస్తే ఇంకొంచెం తగ్గించొచ్చు కానీ అప్పుడు స్టీరింగ్‌లో వణుకు భరించాలి.

మూడోది స్పానర్. హెడ్ స్టడ్ మీది నట్టుకి సాకెట్ నేరుగా పోతుందా, టర్బో ఫ్లాంజ్ (బోల్ట్ చేసే ప్లేట్) నాలుగు నట్లకీ కనీసం రింగ్ స్పానర్ తిరుగుతుందా. నా దగ్గరికి వచ్చిన ఒక బండిలో మూడో రన్నర్ వంపు సరిగ్గా కింది నట్టుకి ఎదురుగా ఉంది, గ్యాస్కెట్ లీక్ అయితే ఇంజన్ దింపాలి! వెల్డింగ్ మాత్రం అద్దంలా ఉందండీ, దండం పెట్టొచ్చు.

జానెడు_బే:
నట్టు_బోల్టు అన్నా, దండం మీకే పెట్టాలి. జాకీతో నెట్టి చూశా, మౌంట్లు కొత్తవే, అయినా పైన బాగానే కదులుతోంది. పైన పెడితే డ్రెయిన్ హాయిగా పడుతుంది కానీ బ్రేక్ పైపులు పక్కనే, మధ్య ఎత్తులో పెడితే డ్రెయిన్ కొంచెం ఏటవాలు, 20 డిగ్రీలు ఉంటుందేమో. అదే బెటరేమో?

నట్టు_బోల్టు:
20 పర్లేదు. బ్రేక్ పైపుల్ని తేలిగ్గా తీసుకోకండి. కొత్త డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలని లెక్క, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. హౌసింగ్ ఎర్రగా కాగుతుంటే పక్కన పైపులో 155 పెద్ద విషయమేం కాదు, పెడల్ నేలకి తగిలాక తెలుస్తుంది.

కొత్త_క్లచ్:
మ్యానిఫోల్డ్‌కి వేడి ఆపే పట్టీ చుట్టేస్తే అయిపోదా అన్నా? అందరూ చుడతారుగా.

డీజిల్_పొగ:
చుట్టొద్దు తమ్ముడూ. పట్టీ వేడిని లోపలే ఆపుద్ది అంటే ఆ వేడంతా లోహమే మోస్తుంది, పెట్రోల్ టర్బోలో గ్యాసే 900 దాటుతుంది, పైన గాలి తగలకపోతే పైపు కూడా ఆ దరిదాపులకి పోతుంది, పగుళ్ళు తొందరగా వస్తాయి, వచ్చినా పట్టీ కింద కనపడవు. డౌన్‌పైప్‌కి (టర్బో తర్వాత కిందికి పోయే ఎగ్జాస్ట్ పైపు) చుట్టుకో, టర్బైన్ హౌసింగ్‌కి దుప్పటి తొడుగు, మ్యానిఫోల్డ్‌కి మాత్రం కొంచెం గాలి సందు వదిలి రేకు కవచం పెట్టించు. సిరామిక్ కోటింగ్ దొరికితే ఇంకా మంచిది.

ఇంక అసలు గొడవలో నా ఓటు లాగ్‌కే, మైల్డ్ స్టీల్ మందపు పైపుతో. ఈక్వల్ లెంగ్త్ అంటారు, పల్చటి స్టెయిన్‌లెస్‌లో నాజూగ్గా చేస్తారు, దాని మీద టర్బో బరువంతా వేలాడదీస్తారు, కలెక్టర్ (రన్నర్లు కలిసే చోటు) దగ్గర పగిలిందని మళ్ళీ ఇక్కడికే వచ్చి ఏడుస్తారు.

టిగ్_టార్చ్:
డీజిల్ గురూ, మీ ఇంజన్‌లో గ్యాస్ ఇంత కాగదు కాబట్టి మీకు మైల్డ్ స్టీల్ నడుస్తోంది. పెట్రోల్‌లో అది పొలుసులు పొలుసులుగా రాలుతుంది, ఆ పొలుసు పోయి టర్బైన్ రెక్కలకి తగులుతుంది. ఇంకోటి, పగిలేది పల్చగా ఉండటం వల్ల కాదు, వ్యాకోచానికి చోటివ్వకపోవడం వల్ల. లెక్క చూడండి. పోర్ట్ 1 నుంచి 4కి 250 మి.మీ. అనుకుందాం. అడ్డ పైపు 800 డిగ్రీలకి చేరితే 304 స్టెయిన్‌లెస్ అయితే మూడున్నర మి.మీ. దాకా సాగుతుంది, మైల్డ్ స్టీల్ అయినా మూడుకి కాస్త అటూ ఇటూ. అల్యూమినియం హెడ్ ఏమో నీళ్ళతో చల్లగా 100 దగ్గర, అర మి.మీ. సాగితే గొప్ప. ఆ మిగతా సాగుడు ఎవరు మింగాలి? వంపులున్న రన్నర్ అయితే కొంచెం వంగి మింగుతుంది, నిటారు లాగ్ మింగదు, స్టడ్‌లని తోస్తుంది, ఫ్లాంజ్‌ని వంచుతుంది, లేదా తానే చీలుతుంది. వంపులు నేను ఫోటోల కోసం అడగట్లేదు.

లాగ్_పార్టీ:
ఈ పాయింట్ గట్టిదే. కానీ దానికి మందు ఉందిగా, ఫ్లాంజ్‌ని పోర్టుకీ పోర్టుకీ మధ్య కోసెయ్, చివరి స్టడ్ రంధ్రాలని పొడవాటి రంధ్రాలు చెయ్, టర్బో బరువుకి బ్లాక్ మీంచి ఒక సపోర్ట్ పెట్టు (బాడీ మీంచి కాదు, ఇంజన్‌తో పాటు కదలాలి), డౌన్‌పైప్‌లో వంగే ఫ్లెక్స్ ముక్క పెట్టు. కంపెనీ పోత లాగ్‌లు లక్షల కిలోమీటర్లు అలాగే తిరుగుతున్నాయి.

టిగ్_టార్చ్:
పోత ఇనుము వ్యాకోచం 304 కంటే బాగా తక్కువ, గోడ మందం ఎక్కువ, అతుకు ఒక్కటి లేదు. నువ్వు పైపు ముక్కలు అతికించి దానికీ దీనికీ పోలిక పెట్టకు.

నట్టు_బోల్టు:
కొలతలు ఒకసారి పెడతా, అప్పుడు కొట్టుకోండి. ఒకటింపావు అంగుళం షెడ్యూల్ 10 (గోడ మందం గ్రేడ్) పైపు: బయట 42.2 మి.మీ., గోడ 2.77, లోపల 36.6. షార్ట్ రేడియస్ ఎల్బో (వంపు ముక్క) మధ్యగీత వ్యాసార్థం 32, లాంగ్ రేడియస్ 48. హెడ్ ఫ్లాంజ్ 12 వేసుకోండి. షార్ట్ ఎల్బోతో పైపు బయటి అంచు హెడ్ నుంచి 12+32+21, అంటే 65 దగ్గర ఆగుతుంది, లాంగ్ అయితే 81. ఆ 16 మి.మీ. తేడానే ఇక్కడ ఆస్తి, మీకు కావాల్సిన 25 గ్యాప్‌లో సగం కంటే ఎక్కువ అదే. గ్యాస్‌కి లాంగ్ రేడియస్ ఇష్టం, నిజమే, బే ఒప్పుకోదు. షార్ట్ ఎల్బోలు కోసి 60, 45 డిగ్రీల ముక్కలుగా వాడితే వంపులు దక్కుతాయి, సమాన పొడవు మాత్రం దక్కదు. నా లెక్కలో మీ బండికి కరెక్ట్ అదే: పొడవులు గాలికొదిలేసి, పొట్టి రన్నర్లు నాలుగూ టర్బో వైపుకి వాలుగా వచ్చి కలిసేటట్టు. లాగ్ అనుకోండి, ట్యూబులర్ అనుకోండి, మీ ఇష్టం.

పర్జ్_ఆన్:
చదువుతూ ఊరుకుందామనుకున్నా కానీ చేసే పద్ధతి ఎవరూ చెప్పట్లేదు. 304 అయితే లోపల ఆర్గాన్ నింపకుండా వెల్డ్ చేయనివ్వకండి, లోపలి వైపు నల్లగా పంచదార అచ్చులా గరుకుగా వస్తుంది, పగులు అక్కడే మొదలవుద్ది. ఫిల్లర్ (అతుకులో కరిగించే తీగ) 308ఎల్, 321 రకం స్టెయిన్‌లెస్ పైపు అయితే 347, ఫ్లాంజ్ మైల్డ్ స్టీల్ పైపు స్టెయిన్‌లెస్ అయితే 309ఎల్. బండిలో ట్యాక్ (చుక్క అతుకు) మాత్రమే, అది కూడా బ్యాటరీ కనెక్షన్ తీసి, ఫుల్ వెల్డ్ బయట, ఫ్లాంజ్‌ని మందపాటి ప్లేట్‌కి బోల్ట్ చేసి. పూర్తిగా చల్లారేదాకా విప్పకూడదు, వేడి మీద విప్పితే అరటిపండు వంపు వస్తుంది, తర్వాత మిల్లింగ్‌కి పరుగెత్తాలి. ముందు ప్లాస్టిక్ పైపు ముక్కలతో నమూనా కట్టి టర్బోని వైర్లతో వేలాడదీసి స్పానర్లన్నీ తిప్పి చూస్కోండి. ప్రతి అతుక్కీ వెల్డింగ్ టార్చ్ పట్టే చోటుందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది, కలెక్టర్ లోపలి మూల ముందే వెల్డ్ చేసి పైన మిగతా పైపు ఎక్కించాల్సి వస్తుంది చాలాసార్లు.

కొత్త_క్లచ్:
ఫైర్‌వాల్‌నే కొంచెం లోపలికి కొట్టేస్తే?

నట్టు_బోల్టు:
పెయింట్ పోయే సుత్తి దెబ్బ ఒకటి రెండు వేరు, కోసి వెల్డ్ చేయడం వేరు. అది గుద్దినప్పుడు మీ కాళ్ళని కాపాడే గోడ. రోజూ వాడే బండికి నేను చెప్పను.

లాగ్_పార్టీ:
వేస్ట్‌గేట్ సంగతి? అదే, ఎక్కువైన గ్యాస్‌ని టర్బైన్‌కి పోనీకుండా పక్కకి వదిలే వాల్వ్.

టిగ్_టార్చ్:
హమ్మయ్య, పనికొచ్చే ప్రశ్న వేశాడు. మామూలు లాగ్‌లో గేట్‌ని ఖాళీగా ఉన్న చివర్న తగిలిస్తారు, అక్కడ చోటుందని. గ్యాస్ పరుగెత్తే దారిలోంచి వెనక్కి తిరిగి ఆ మూలకి ఎందుకు పోద్ది? గేట్ పూర్తిగా తెరుచుకున్నా టర్బైన్‌కే ఎక్కువ పోతుంది, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) గేట్ స్ప్రింగ్ పెట్టిన హద్దు దాటి ఎక్కుతూనే ఉంటుంది. నాలుగూ కలిశాక, టర్బో ఫ్లాంజ్‌కి ముందు, గ్యాస్ వెళ్ళే దిక్కులోనే వాలుగా తీయాలి గేట్ పైపుని. చోటు కోసం ఎక్కడైనా రాజీ పడండి కానీ ఇక్కడ వద్దు. దీనికి ఒప్పుకుంటే పొడవుల గొడవ నేను వదిలేస్తా, 304 మాత్రం వదలను.

డీజిల్_పొగ:
304 పెట్టుకోండి, సపోర్ట్ లేకుండా మాత్రం టర్బో వేలాడదీయకండి. ఇంక నేనేం మాట్లాడను.

జానెడు_బే:
అందరికీ థ్యాంక్స్. షార్ట్ ఎల్బోలు, 304 షెడ్యూల్ 10, టర్బో మధ్య ఎత్తులో, బ్లాక్ నుంచి సపోర్ట్, ఇక్కడిదాకా ఫ్యాబ్రికేటర్ కూడా సణుగుతూనే ఒప్పుకున్నాడు. టిగ్_టార్చ్ అన్న చెప్పినట్టు గేట్ పైపుని కలిసే చోటు నుంచి వాలుగా తీసి ప్లాస్టిక్ ముక్కలతో పెట్టి చూశా, గేట్ మూత పోయి క్లచ్ పైపుకి తగులుతోంది. క్లచ్ పైపుని పక్కకి మళ్ళిద్దామా, లేక చిన్న సైజు గేట్ 38 మి.మీ.ది తీసుకుంటే సరిపోద్దా?

టిగ్_టార్చ్:
పైపు మళ్ళించు. గేట్ చిన్నది చేయకు.

లాగ్_పార్టీ:
ఈ ఒక్కసారికి టార్చ్‌గాడితో ఏకీభవిస్తున్నా.