‘స్త్రీగా’ జీవించడమా, ‘స్త్రీలా’ జీవించడమా?

ప్రశ్న: బ్రిటన్‌లో 2004లో వచ్చిన జెండర్ గుర్తింపు చట్టం మీద వ్యాసం రాస్తున్నాను. మారిన జెండర్‌ను చట్టపరంగా గుర్తించే పత్రం కావాలంటే, తాము పొందిన జెండర్‌లో (ఇంగ్లీషులో ‘అక్వైర్డ్ జెండర్’) రెండేళ్లు జీవించి ఉండాలన్నది అందులో ఒక షరతు. ట్రాన్స్ స్త్రీల (పుట్టినప్పుడు మగ అని నమోదైన స్త్రీల) విషయంలో ‘స్త్రీగా జీవించి ఉండాలి’ అని రాశాను. నా స్నేహితుడు ‘స్త్రీలా’ అని దిద్దాడు. రెండూ ఒకటేనా?

జవాబు: కాదండీ. ‘డాక్టరుగా పనిచేస్తున్నాడు’ అంటే అతను డాక్టరే. ‘డాక్టరులా మాట్లాడుతున్నాడు’ అంటే డాక్టరు కాదనే అనుకుంటాం. ‘లా’ పోలిక కోసం. మీరు రాసిందే ఉంచండి.

మరో సభ్యుడు: ‘రాజుగా నటించాడు’ అంటాం కదా. నటుడు రాజైపోయాడా?

జవాబు: నాటకంలో అతను రాజే కదా! ‘రాజులా నటించాడు’ అనండి, కథే మారిపోతుంది.

అయితే మీ స్నేహితుడు పొరపాటున ఒక నిజాన్ని ముట్టుకున్నాడు. స్త్రీగా బతికినట్టు రుజువేమిటంటే పేరు మార్చుకున్న పాస్‌పోర్టో, జీతం కాగితమో చూపించొచ్చు. కానీ రుజువు అడిగే చోటికి జుట్టు, బట్టలు, నడక కూడా చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుంటాయి. క్రాపు చేయించుకుని ప్యాంటు వేసుకున్న స్త్రీని ‘నువ్వు స్త్రీవేనా’ అని సర్టిఫికెట్ అడిగేవాళ్లు అరుదు. ట్రాన్స్ స్త్రీ అదే పని చేస్తే మాత్రం అనుమానం మొదలు.

జపాన్ 2003 చట్టంలోనైతే ‘లా’ బాహాటంగానే ఉంది. మారిన లింగానికి సంబంధించిన జననాంగాలను పోలిన రూపం ఉండాలని ఒక నిబంధన, సంతానం కలిగే శక్తి ఉండకూడదని ఇంకొకటి. మగవాడన్నవాడు బిడ్డను కనడన్న నమ్మకాన్ని శరీరం మీద కత్తితో రాయించడం ఇది. రెండో నిబంధన రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో కొట్టేసింది. ‘పోలిక’ నిబంధనను మాత్రం తేల్చకుండా కింది కోర్టుకు తిప్పి పంపింది.

మరో సభ్యురాలు: మహిళలపై వివక్షను రూపుమాపే 1979 ఒడంబడిక (సీడా) ఐదో అధికరణం కూడా వ్యాసంలో చేర్చండి. స్త్రీపురుషుల మూస పాత్రల మీద నిలిచిన ఆచారాలను తొలగించే చర్యలు ప్రభుత్వాలు తీసుకోవాలంటుందది. అలా ఒప్పుకుని సంతకం పెట్టిన ప్రభుత్వాలే ట్రాన్స్ మనుషులను మూసలో కుదురుతావా లేదా అని చూడటం అన్యాయం.

జవాబు: అవును. అర్జెంటీనా 2012 చట్టానికి ఆపరేషనూ అక్కర్లేదు, జడ్జి అనుమతీ అక్కర్లేదు. ‘నేను స్త్రీని’ అని దరఖాస్తులో చెప్పుకుంటే చాలు. ఆ ‘ని’ ఎవరి గురించి వారు చెప్పుకునేటప్పుడే వస్తుంది, గమనించారా?

ప్రశ్న అడిగినవారు: ‘గా’ ఖాయం. ‘పొందిన జెండర్’ మాత్రం పంటికింద రాయిలా ఉంది. ‘సంక్రమించిన’ అంటే?

జవాబు: వద్దు బాబూ, అంటువ్యాధి అనుకుంటారు!