బోర్డు కడిగాక తెల్లటి పొర: ఐపీఏలో నీళ్లున్నాయా, తప్పు ఫ్లక్స్‌దా?

అందరికీ నమస్కారం. మాది సెల్‌ఫోన్ రిపేరు షాపు. సోల్డరింగ్ అయ్యాక బోర్డు మీద మిగిలిన, టంకం బాగా అతుక్కోవడానికి రాసే ఫ్లక్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (అందరూ ఐపీఏ అంటారు) బ్రష్ పెట్టి కడుగుతాం. కొత్త డబ్బా తెరిచినప్పటి నుంచి, ఆరాక ఐసీ (చిప్) కాళ్ల చుట్టూ తెల్లటి పొర మిగులుతోంది. గోరుతో గీస్తే పొడిలా రాలుతుంది. కస్టమర్ ఫోన్ మళ్లీ ఆగిపోతుందేమోనని ఒకటే టెన్షన్.

డబ్బా మీద 99 శాతం అని ఉంది. ఐపీఏ నీళ్లలో ఎంతైనా కలిసిపోతుంది కాబట్టి కల్తీని కంటితో పట్టుకోలేం. గాజు సీసాలో కొంచెం పోసి ఉప్పు వేసి కలిపాను. 70 శాతంది అయితే నీళ్లు, ఆల్కహాలు రెండు పొరలుగా విడిపోతాయి. ఇది విడిపోలేదు, ఉప్పు అడుగునే ఉండిపోయింది. మరి నాలుగైదు శాతం నీళ్లుంటే ఈ పరీక్షలో బయటపడుతుందా? పడకపోతే షాపులో చేసుకోగలిగిన పద్ధతి ఇంకేదైనా ఉందా?

లేక ఫ్లక్స్‌లోని రోజిన్ (చెట్టు జిగురు లాంటి పదార్థం) కరిగిపోయి, ఆల్కహాల్‌కి లొంగని యాక్టివేటర్ (లోహం మీది తుప్పు లాంటి పొరను తీసేసే రసాయనం) మాత్రం మిగిలిపోతోందా? అలాగైతే తాజా ఐపీఏతో రెండోసారి కడిగితే సరిపోతుందా?

అసిటోన్ వాడమని ఒకరు చెప్పారు. ప్లాస్టిక్ కనెక్టర్లు కరిగిపోతాయని నేను ముట్టుకోలేదు. ఐపీఏని వేడిచేసి వాడమని ఇంకొకరు అన్నారు. దాని ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, పక్కనే హాట్ ఎయిర్ గన్ నడుస్తుంటుంది. దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి.

బోర్డుల పని చేసేవాళ్లు, కెమిస్ట్రీ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ముందు డబ్బా మార్చాలా, ఫ్లక్స్ మార్చాలా?