ఉగాది వేడుక: ఏది ఎవరు తేల్చాలి?

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. 2026 ఉగాది మార్చి 19, గురువారం. ఇక్కడ అమెరికాలో అది పని రోజు గనక మన తెలుగువాళ్ల వేడుక 21, శనివారం, స్కూలు ఆడిటోరియంలో. లెక్క 300 మందికి. పనులు పంచుకునే ముందు ఏది ఎవరు నిర్ణయిస్తారో రాసుకుందాం. హాలు, టికెట్ ధర, మొత్తం బడ్జెట్: కమిటీ ఓటు. మెనూ, అలంకరణ, ఐటమ్‌ల వరుస: ఆయా విభాగాల బాధ్యులు, అంటే లీడ్‌లు. అడగాల్సినవాళ్లను అడుగుతారు, ఆఖరి మాట వాళ్లదే. వేడుక రోజు తాళాలు తీసింది మొదలు తిరిగి ఇచ్చేదాకా చెప్పేది ఒక్కరే, అధ్యక్షులవారు కూడా వినాల్సిందే.

కోశాధికారి:
బాగుంది, కానీ డబ్బుకి హద్దు రాయకపోతే ఇది నిలవదు. లీడ్ తన బడ్జెట్ లోపల 200 డాలర్ల దాకా ఎవర్నీ అడగక్కర్లేదు. దాటితే నాకూ సమన్వయకర్తకూ మెసేజ్; ఇద్దరి ‘సరే’ రాతలో ఉండాలి. 1,000 దాటితే కమిటీకి. ఫోన్లో ‘చూద్దాం లెండి’ అన్నది ఆమోదం కింద రాదు.

భోజనాల లీడ్:
కేటరర్ కోసం దయచేసి వాట్సాప్ పోల్ పెట్టకండి. ముగ్గురు కేటరర్లకి మన కమిటీ 15 మంది ఓట్లు 6, 5, 4గా చీలితే, గెలిచినవాళ్లను 9 మంది ఎంచుకోనట్టే. పైగా ఎవరు దేనికి వేశారో అందరికీ కనిపిస్తుంది. పెద్దలు ముందు నొక్కితే మిగతావాళ్లూ అటే. తప్పదంటే ఒకటికి మించి ఎంచుకునే వీలుంచి, ‘వీటిలో మీకు ఏవేవి పర్వాలేదు?’ అని అడగండి. నేనైతే మూడు కొటేషన్లు తెచ్చి ప్లేటు ధర, డెలివరీ, వంటకాలు వేడిగా ఉంచే వార్మర్లు ఎవరివో ఒక షీట్‌లో పెడతాను. రెండు రోజుల్లో అభ్యంతరాలు చెప్పండి, ఆపైన నేనే తేలుస్తాను.

కొన్నింటికి అసలు ఓటే లేదు. వేడి వంటకాలు 135 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గకూడదు, పెరుగన్నం 41 దాటకూడదు. మంట బర్నర్లు స్కూలు వద్దంటే ఎలక్ట్రిక్ వార్మర్లే. అవన్నీ ఒకే గోడ ప్లగ్గులకి తగిలిస్తే బ్రేకర్ పడిపోతుంది, వేర్వేరు సర్క్యూట్లు ఎక్కడున్నాయో ముందే కనుక్కోవాలి. పచ్చడి తలా 30 మి.లీ. చొప్పున 9 లీటర్లు, ఒలికేదానికి ఇంకో లీటరు. వేపపువ్వు వేయాలా వద్దా అన్న చర్చ మాత్రం మొదలెట్టకండి, వేస్తాం.

సాంస్కృతిక లీడ్:
24 ఐటమ్‌లు, ఒక్కోటి 5 నిమిషాలు, స్టేజి మారడానికి 2. మొత్తం 168 నిమిషాలు. పంచాంగ శ్రవణం, సన్మానాలు, స్పాన్సర్ల ప్రసంగాలు ఇందులో లేవు. ఇరవై అయిదోది ‘మా పాపది ఒక్కటే కదండీ’ అంటూ వస్తుంది, అదీ నా దగ్గరికి కాదు, కమిటీలో తెలిసినవాళ్ల దగ్గరికి. ఒకరికి సరే అంటే ఆరుగురికి అనాలి: 42 నిమిషాలు. అంతసేపూ ట్రేలు వార్మర్ల మీదే. అందుకని ఎంట్రీలు ఫిబ్రవరి 28తో ఆఖరు. తర్వాత వచ్చినవి వెయిటింగ్ లిస్టులోకి. అధ్యక్షులు సిఫారసు చేసినా ఇదే జవాబు, ఏమీ అనుకోకండి.

మాజీ అధ్యక్షులు:
1930ల చివర్లో మనస్తత్వవేత్త కుర్ట్ లెవిన్, ఆయన సహచరులు లిపిట్, వైట్ పిల్లల క్లబ్బుల మీద చేసిన పరిశోధనలో, పెత్తనం చేసే నాయకుడు గది దాటగానే పని కుంటుపడింది. అందరూ కలిసి తేల్చుకున్న క్లబ్బులో సాగింది. ఆ రోజు లీడ్‌కి జ్వరమొస్తే మన పని సాగుతుందా? ప్రతి విభాగానికీ ఒక ఉప లీడ్ ఉండాలి. షీట్, కేటరర్ నంబరు, హాలు కాంట్రాక్టు ఇద్దరి దగ్గరా ఉండాలి. ఇంకొకటి, మీటింగుల్లో పెద్దవాళ్లం చివర మాట్లాడదాం. ముందు మేం చెబితే కుర్రాళ్లు ‘మీరెలా అంటే అలా అంకుల్’ అంటారు, కుర్చీలు వేసే వేళకి కనబడరు.

సమన్వయకర్త:
ఖాయం చేస్తున్నాను. కోరం, అంటే నిర్ణయానికి ఉండాల్సిన కనీస హాజరు, కమిటీ 15 మందిలో 8. ఓటుకి ముందు ప్రతిపాదన 48 గంటలు గ్రూపులో ఉండాలి. పనుల విషయంలో మౌనం అంగీకారమే, డబ్బు విషయంలో కాదు. వద్దనేవాళ్లు బదులు ఏం చేయాలో కూడా రాయాలి. కోశాధికారి గారూ, స్కూలువాళ్లు అడిగిన బీమా పత్రం పంపారా? అది అందేదాకా హాలు బుకింగ్ ఖాయం కాదు.